మా ఇల్లుబండి కుంపటి

రాత్రి రెండున్నర వేళ ముందు కీచుమని శబ్దం వచ్చింది. నూనె లేని గిలక మీద చేదతాడు లాగినట్టు సన్నగా మొదలై, రెండు మూడుసార్లు ఎగిసి, ఉన్నట్టుండి ఆగిపోయింది. కాసేపటికి మూడు దుప్పట్ల అడుగు నుంచి మావారి గొంతు వినిపించింది.

"నీ కుంపటి చచ్చింది."

పని చేసినంతసేపూ అది మా కుంపటి. ఆగిపోతే మాత్రం నాది.

2023 డిసెంబరు చివరి వారం అది. దేవమాలి కొండ కింద బండి ఆపుకుని పడుకున్నాం. ఒడిశాలో అన్నిటికంటే ఎత్తైన శిఖరం, 1,672 మీటర్లు. విజయనగరం వాళ్లకు అదేమీ దూరదేశం కాదు. గజపతినగరం, రామభద్రపురం, సాలూరు దాటి ఘాటు ఎక్కితే సుంకి, ఆపైన పొట్టంగి. పొద్దున్న ఇడ్లీ తిని బయలుదేరితే మధ్యాహ్నం భోజనానికి అక్కడ ఉండవచ్చు. చలి మాత్రం మన చలి కాదు. ఫోను 6 డిగ్రీలు చూపిస్తోంది. భోగి నాటి తెల్లవారుజామున కాస్త మంచు పడితేనే మఫ్లర్లు వెతుక్కునే వాళ్లం మేం.

బండి సంగతి ముందు చెప్పాలి. నేను ముప్ఫై ఏళ్లు జూనియర్ కళాశాలలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. మావారు బ్యాంకులో పనిచేశారు. ఇద్దరికీ చేతికొచ్చిన డబ్బులో కొంత తీసి, పిల్లల చేత చీవాట్లు తిని, ఒక పాత పదిహేడు సీట్ల వ్యాను కొన్నాం. సీట్లు తీయించి మంచం, చిన్న వంటగట్టు, నీళ్ల ట్యాంకు, పైన సోలార్ పలక పెట్టించాం. ఆ పని చేయించింది సాలూరులో. లారీలకు సాలూరు పెట్టింది పేరు. కొండల కింద ఉన్న ఆ చిన్న ఊళ్లో ఏ సందులో చూసినా ఒక లారీకి క్యాబిన్ కడుతూనో, పలకలు బిగిస్తూనో కనబడతారు. మా బండి పని పట్టిన మేస్త్రి అంతవరకూ ఇల్లుబండి కట్టలేదు. లారీ కట్టినట్టే కట్టాడు. అందుకే గోడలు గట్టివి, తలుపులు గట్టివి, కరెంటు పని మాత్రం లారీ క్యాబిన్‌లో పాటల పెట్టెకు తీగ లాగినట్టు ఉంది. ఆ సంగతి నాకు తెలియడానికి మూడు నెలలు పట్టింది.

ఇక కుంపటి. ఇది చలిదేశాల లారీల్లో డ్రైవర్లు పడుకునే చోట పెట్టుకునే డీజిల్ హీటరు. రెండు కిలోవాట్లది, చెప్పుల పెట్టెకు కాస్త పెద్దది. మంచం కింద బిగించాం. లోపల అల్యూమినియం గదిలో డీజిల్ మండుతుంది. మండడానికి కావలసిన గాలిని నేల కింది గొట్టం గుండా బయటి నుంచి పీల్చుకుంటుంది, పొగను మరో గొట్టం గుండా బయటికే వదులుతుంది. మనం పీల్చే గాలి ఆ మంట జోలికి పోదు. వేడెక్కిన అల్యూమినియం రెక్కల మీదుగా తోసుకుంటూ వచ్చి గదిలో పడుతుంది. ఈ రెండు గాలులనూ నడిపించేది ఒకే మోటారు. దాని ఇరుసుకు రెండు చివర్లా రెండు చక్రాలు. ముందున్నది గది గాలిని తోస్తుంది, వెనకున్నది మంటకు ఊపిరి పోస్తుంది. అంటే మోటారు తగ్గితే గదికి వేడి తగ్గడమే కాదు, మంట కూడా పొగచూరుతుంది. అందుకని పెట్టెలో ఉన్న బోర్డు మోటారు వేగాన్ని క్షణం విడవకుండా లెక్కపెడుతూ ఉంటుంది. ముందు చక్రంలో చిన్న అయస్కాంతం, అది ఎదురుగా వచ్చినప్పుడల్లా పసిగట్టేందుకు బోర్డు మీద హాల్ సెన్సరు. 1879లో ఎడ్విన్ హాల్ కనిపెట్టిన ప్రభావాన్ని ముప్ఫై ఏళ్లు నల్లబల్ల మీద సుద్దముక్కతో చెప్పిన దాన్ని, అది నా మంచం కింద తిరుగుతుంటే మురిసిపోయాను కూడా.

ఆ రాత్రి మురిపెం ఏమీ లేదు. టార్చి వేసి చూస్తే చిన్న తెర మీద ఒక కోడ్ మిణుకుతోంది. పుస్తకం తీశాను. ఫ్యాను మోటారు దోషం అని ఉంది. (ఆ అంకె ఇక్కడ చెప్పడం లేదు. ఇలాంటి పెట్టెల్లో కంట్రోలరు మారితే కోడ్ అర్థం మారిపోతుంది. నా అంకె పట్టుకుని మీ పెట్టె విప్పితే నన్ను తిట్టుకుంటారు.) మళ్లీ మీట నొక్కాను. ఫ్యాను నెమ్మదిగా తిరగడం మొదలైంది, ఒక నిమిషం తిరిగింది, కీచుమంది, ఆగింది. మరోసారి నొక్కినా అదే వరస. మూడోసారి మావారు "వదిలెయ్, అది కూడా పడుకుంటుందట" అన్నారు. ఉన్న దుప్పట్లన్నీ ఒకచోట చేర్చి, మా అత్తగారు కుట్టిన పాత చీరల బొంత పైన కప్పుకుని తెల్లారే వరకూ ముడుచుకుని పడుకున్నాం.

తెల్లారాక పది గంటలకు, ఎండ బాగా కాశాక, సరదాకు మీట నొక్కితే కుంపటి ఠీవిగా మొదలైంది. ఫ్యాను తిరిగింది, డీజిల్ పంపు టిక్ టిక్ మంది, అయిదు నిమిషాల్లో వేడిగాలి. అప్పుడు మాకు అది అక్కరలేదు.

ఇంటికొచ్చిన మర్నాడే పెట్టె విప్పాను. చుట్టుపక్కల వాళ్లు వచ్చి చూశారు. జనవరి మధ్యాహ్నం, విజయనగరంలో, వాకిట్లో బండి తలుపులు బార్లా తీసి గది వేడిచేసే పెట్టెను బాగు చేస్తున్న మనిషిని ఎవరైనా చూస్తారు. ఎదురింటి పిన్నిగారు "ఏసీ అయితే అర్థం ఉంది గాని..." అని ఊరుకున్నారు.

పై మూత క్లిప్పులు ఊడదీస్తే ముందు చక్రం కనబడింది. చక్రం కంటే ముందు కనబడింది పీచు. గాలి పీల్చుకునే జాలీ నిండా బూడిదరంగు దూది పరచుకుంది. హీటరు మంచం కింద ఉంది, మంచం కిందే మా బొంతలు, దుప్పట్లు కుక్కుతాం. అది పీల్చిన ప్రతి గాలితోనూ ఇంత నూలు పోగు లోపలికి లాక్కుంది. బ్రష్షుతో దులిపాను. చేత్తో చక్రం తిప్పి చూశాను. తిరిగింది గాని ఒకచోట సన్నగా రాసుకుంటోంది. అద్దం పెట్టి చూస్తే ప్లాస్టిక్ గోడ మీద గోటితో గీసినట్టు అర్ధచంద్రాకారపు గీత. ఘాటు రోడ్డు కుదుపులకు చక్రం ఇరుసు మీద వెంట్రుకవాసి లోపలికి జరిగి గోడను రాస్తోంది. కీచు శబ్దం అదే. మెల్లగా బయటికి లాగి, చక్రానికీ గోడకూ మధ్య పోస్టుకార్డు మందం ఖాళీ ఉండేట్టు సరిచేశాను.

బండి కిందికి దూరి గొట్టాలు కూడా చూశాను. గాలి పీల్చే గొట్టం మూతిలో కందిరీగ కట్టిన మట్టిగూడు సగం పూర్తయి ఉంది. కడ్డీతో తీసేశాను. దొరికిన దొంగల సంఖ్య చూసి నాకు గర్వం కలిగింది. పీచు, రాపిడి, కందిరీగ. ముగ్గురినీ పట్టేశాను. మీట నొక్కితే కుంపటి తొలిసారి పనిచేసింది, రెండోసారి పనిచేసింది, మూడోసారి కూడా. కీచు లేదు. మావారికి ఫోను చేసి చెప్పాను. ఆయన గంటస్తంభం దగ్గర కూరగాయలు కొంటున్నారు. "సరే, వంకాయలు తేనా?" అన్నారు.

సంక్రాంతి పిల్లలతో గడిచిపోయాక, శృంగవరపుకోట మీదుగా అనంతగిరి ఎక్కి అరకు వెళ్లాం. రాత్రి ఎనిమిదింటికి కుంపటి వెలిగింది. నేను చాలా ఉపన్యాసం చెప్పాను. రెండు గంటలకు, మళ్లీ, ఫ్యాను తిరిగే చప్పుడు మందగించింది. ఈసారి కీచు లేదు. మూలుగు. ఆగింది. అదే కోడ్. మావారు ఏమీ అనలేదు, బొంత మాత్రం తన వైపు లాక్కున్నారు.

ఇక నాకు అనుమానం లేదు. మోటారే పోయింది. పుస్తకం మోటారు అంటోంది, చెవి మోటారు అంటోంది, రెండుసార్లు ఒకే కోడ్ వచ్చింది. ఇంటికొచ్చి ఆన్‌లైన్‌లో కొత్త మోటారు తెప్పించాను. పన్నెండు రోజులకు వచ్చింది. పాతది విప్పడం పెద్ద పని. పెట్టెను నేల నుంచి ఊడదీయాలి, డీజిల్ గొట్టం మూతి కట్టాలి, బోర్డు తీగలు ఎక్కడివక్కడ ఫోటో తీసుకోవాలి. పొగగొట్టం దగ్గర మాత్రం ఒక మాట. ఆ బిగింపు వదులైతే పొగలోని కార్బన్ మోనాక్సైడు నేల సందుల్లోంచి గదిలోకి వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్న మనిషి లేవడు. ఊడదీసిన ప్రతిసారీ అక్కడి గాస్కెట్టు కొత్తది వేయాలి, తల దగ్గర కార్బన్ మోనాక్సైడు అలారం ఉండాలి. ఈ రెండింటిలో పిసినారితనం చేసేవాళ్లు బొంతతోనే సరిపెట్టుకోవడం మంచిది.

కొత్త మోటారు బిగించి మీట నొక్కాను. ఫ్యాను చాలా బద్ధకంగా తిరిగింది. పట్టుమని అర నిమిషం కాకుండానే, పట్టపగలే, అదే కోడ్.

కొత్త మోటారుతో కూడా మోటారు దోషమే చూపిస్తోందంటే తప్పు వేగాన్ని చదివే బోర్డుది అయివుండాలి అనుకున్నాను. బోర్డు ధర చూశాను. చూసి కంప్యూటర్ మూసేశాను. పాత మోటారునూ కొత్త మోటారునూ ఒక సంచిలో వేసుకుని, మూడు లాంతర్ల వైపు ఉన్న ఒక వైండింగ్ కొట్టుకు వెళ్లాను.

ఆ కొట్టు నిండా సీలింగ్ ఫ్యాన్ల పొట్టలు, పొలాల మోటార్లు, మిక్సీలు. వార్నిషు వాసన. మేస్త్రికి యాభై ఏళ్లుంటాయి. ముందు నా వంక చూసి, "మీరు మా అన్నయ్యకు ఫిజిక్స్ చెప్పారమ్మా" అన్నాడు. అన్నయ్యకు ఎన్ని మార్కులు వచ్చాయో నేను అడగలేదు. అతనూ చెప్పలేదు.

రెండు మోటార్లూ బల్ల మీద పెట్టి, ఒక కారు బ్యాటరీకి నేరుగా కలిపాడు. పాతది జుయ్యిమని లేచింది. కొత్తది నింపాదిగా తిరిగింది. మేస్త్రి కొత్తదాన్ని చేతిలోకి తీసుకుని, ఒంటి మీద అంటించిన చిన్న కాగితాన్ని బొటనవేలితో రుద్ది, కళ్లజోడు పైకెత్తి చూశాడు.

"ఇది లారీ మోటారమ్మా."

"అంటే?"

"ఇరవైనాలుగు వోల్టులు. మీ బండి పన్నెండు కదా."

పార్శిల్ పెట్టె మీద 12 అని ఉంది. నేను చూసింది పెట్టెను, మోటారును కాదు. లారీలు, బస్సులు 24 వోల్టుల మీద నడుస్తాయి, మాలాంటి వ్యాన్లు 12 మీద. ఇలాంటి హీటర్లు రెండు రకాలుగానూ వస్తాయి, చూడటానికి రెండూ కవలలు. శాశ్వత అయస్కాంతం ఉన్న డీసీ మోటారు వేగం ఇంచుమించు దానికిచ్చే వోల్టేజీని బట్టి ఉంటుంది. 24 కోసం చుట్టిన దానికి 12 ఇస్తే సగం వేగంతో తిరుగుతుంది. బోర్డు పాపం నిజమే చెప్పింది, ఫ్యాను తగినంత తిరగడం లేదని. ఇది నేను ఎంతమంది పిల్లలకు పరీక్షలో ఇచ్చిన ప్రశ్నో.

పాత మోటారును మేస్త్రి చాలాసేపు చెవి దగ్గర పెట్టుకుని చేత్తో తిప్పాడు. కార్బన్ బ్రష్షులు చూశాడు, ఇంకా సగానికి పైగా ఉన్నాయి. బేరింగు దగ్గర ఒక్క చుక్క నూనె వేసి, అది బ్రష్షుల వైపు పోకుండా గుడ్డతో అద్దాడు.

"మోటారు మంచిదే. మెడ కొంచెం పట్టేసింది, అంతే. దీన్ని పారెయ్యకండి" అన్నాడు. యాభై రూపాయలు తీసుకోవడానికి కూడా మొహమాటపడ్డాడు.

పాత మోటారును మళ్లీ బిగించాను. పగలు పరీక్షించాను. పనిచేసింది. ఈసారి మాత్రం గర్వపడలేదు. ఎవరికీ ఫోను చేయలేదు.

ఆ సాయంత్రం వాకిట్లో కుర్చీలు వేసుకుని టీ తాగుతూ ఉంటే మావారు ఊరికే అన్నారు.

"నీ కుంపటి సూర్యభగవానుణ్ణి చూస్తే గాని పనిచేయదు. అరసవల్లికి ఏమైనా మొక్కుకుని మరిచిపోయావేమో చూడు."

నవ్వాను. టీ సగంలో నవ్వు ఆగింది.

పగలు పనిచేస్తుంది, రాత్రి ఆగుతుంది. దేవమాలిలో, అరకులో, రెండు చోట్లా. సాయంత్రం వెలుగుతుంది, అర్ధరాత్రి దాటాక మొరాయిస్తుంది. నేను దీన్ని చలికి ముడిపెట్టుకున్నాను. చల్లగా ఉన్నప్పుడు గ్రీజు గట్టిపడి మోటారు బిగుసుకుంటుందేమో అని ఒక సిద్ధాంతం కూడా కట్టాను. కాని పగటికీ రాత్రికీ తేడా చలి ఒక్కటే కాదు. పగలు బండి పైన సోలార్ పలక ఉంటుంది. ఎండ కాస్తున్నంతసేపూ చార్జింగ్ పెట్టె బ్యాటరీని 14 వోల్టుల పైచిలుకు దగ్గర పట్టి ఉంచుతుంది. రాత్రి ఆ దన్ను ఉండదు. దీపాలు, ఫ్రిజ్, ఫోన్ల చార్జింగ్ అన్నీ లాగాక మా లెడ్ యాసిడ్ బ్యాటరీ 12.3 దగ్గరికి దిగుతుంది. నేను చేసిన ప్రతి పరీక్షా పట్టపగలే చేశాను. రోగి రాత్రి మాత్రమే దగ్గుతుంటే నేను రోజూ మధ్యాహ్నం వెళ్లి నాడి పట్టుకుని చూశాను.

ఆ రాత్రి పన్నెండింటికి అలారం పెట్టుకుని లేచాను. అంతకుముందు నాలుగు గంటలు ఫ్రిజ్, దీపాలు అన్నీ వేసి ఉంచి బ్యాటరీని అలసిపోనిచ్చాను. మల్టీమీటరు, కాగితం, పెన్సిలు. మావారిని కూడా లేపాను. రెండు చోట్ల ఒకేసారి కొలవాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఆయన డ్రైవరు సీటు వెనక బ్యాటరీ దగ్గర, నేను వెనక మంచం కింద హీటరు దగ్గర.

హీటరు మొదలయ్యే తీరు ఇక్కడ చెప్పాలి. ముందు ఫ్యాను నెమ్మదిగా తిరుగుతుంది. దానితోపాటు డీజిల్‌ను అంటించే గ్లోప్లగ్గు ఎర్రగా కాలుతుంది. ఆ ఒకటి రెండు నిమిషాలే గండం. గ్లోప్లగ్గు ఒక్కటే 8 నుంచి 10 ఆంపియర్లు లాగుతుంది. మంట అంటుకున్నాక అది ఆరిపోతుంది, ఆపైన మొత్తం పెట్టెకు ఒకటి రెండు ఆంపియర్లు చాలు. గది వెచ్చబడి కుంపటి తనంతట తాను ఆగి, మళ్లీ చల్లబడి తిరిగి మొదలైన ప్రతిసారీ ఈ గండం దాటాలి. మా రెండు రాత్రుల్లోనూ అది ఆగింది సరిగ్గా ఇలా తిరిగి మొదలయ్యేటప్పుడే.

మీట నొక్కాను.

"పన్నెండు పాయింటు మూడు" అని ముందు నుంచి కేక. నా మీటరులో 10.1.

"మళ్లీ చెప్పండి."

"పన్నెండు పాయింటు మూడు అంటుంటే. చెవుడా?"

10.1. ఫ్యాను మూలుగుతోంది. చూస్తుండగానే ఆగింది. కోడ్ వచ్చింది. నేను మంచం కింద బోర్లా పడుకుని నవ్వుతున్నాను. ఆరు మీటర్ల దూరంలో 2.2 వోల్టులు ఎక్కడో కారిపోతున్నాయి. మెడకు నూనె పడినా మోటారు సగం ఆకలితో తిరగలేక తిరుగుతోంది. కొత్తగా ఉన్నప్పుడైతే ఈ నష్టాన్ని ఓర్చుకునేది. పీచు, రాపిడి తోడయ్యాక ఓర్చుకోలేకపోయింది. పీచు తీశాను, రాపిడి తీశాను, దాని తిండి మాత్రం ఎవరూ చూడలేదు.

మర్నాడు పొద్దున్న నేల చెక్క ఎత్తి తీగ వెంట పాక్కుంటూ వెళ్లాను. హీటరుతో వచ్చిన తీగ రెండు మీటర్లే. దాన్ని బ్యాటరీ దాకా పొడిగించడానికి మేస్త్రి ఇంటి వైరింగులో దీపాలకు వాడే ఒకటిన్నర వైరు వాడాడు. ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వెయ్యి మీటర్లకు 12 ఓముల నిరోధం ఇస్తుంది. మాది పోను ఆరు, రాను ఆరు, పన్నెండు మీటర్లు. అంటే 0.14 ఓములు. కాగితం మీద చూస్తే ఏమీ కాదు. దానిలో 10 ఆంపియర్లు పారితే 1.4 వోల్టులు పోతాయి. ఇంట్లో 230 వోల్టులలో 1.4 పోతే ఎవరికీ తెలియదు. 12లో పోతే బండి గొంతు పట్టుకున్నట్టే. లారీకి ఇంజను దగ్గరే బ్యాటరీ, దగ్గరే సామాను, పైగా 24 వోల్టులు. మేస్త్రికి ఎప్పుడూ ఈ చిక్కు వచ్చి ఉండదు. అతన్ని నేను తప్పు పట్టను. ఓమ్ సూత్రం తెలిసినదాన్ని నేను పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని చూశాను.

ఇక మిగిలినవి 0.8 వోల్టులు. వాటి కోసం మీటరు ముల్లులను తీగ వెంట జరుపుకుంటూ వెళితే నేల కింద, చక్రం దగ్గరగా ఉన్న ఫ్యూజు గూడు దగ్గర దొరికాయి. మూత తీస్తే లోపల ఆకుపచ్చని చిలుము. ఇత్తడి చెంబును చింతపండు పెట్టకుండా ఆరు నెలలు వదిలేస్తే పట్టేది అదే. ఫ్యూజు కాలిపోలేదు, కాని గూడు ప్లాస్టిక్ ఒకవైపు గోధుమరంగుకు తిరిగి కొద్దిగా వంగింది. 0.8 వోల్టులు, 10 ఆంపియర్లు, 8 వాట్లు. చిన్న దీపం వెలిగేంత వేడి ఆ డబ్బాలో ప్రతిసారీ పుడుతోంది, నా మంచం కింద, నూలు పీచు పక్కన. ఆ లెక్క వేసుకున్నప్పుడు చేతులు చల్లబడ్డాయి.

చిలుము ఎక్కడి నుంచి వచ్చిందో మావారే పట్టుకున్నారు. అంతకుముందు ఏడాది ఎండాకాలం సాయంత్రాలు మేం కళింగపట్నంలో ఎక్కువ గడిపాం. శ్రీకాకుళంలో మా ఆడపడుచు ఉంది. అక్కడికి వెళ్లినప్పుడల్లా వంశధార సముద్రంలో కలిసే చోట, లైట్‌హౌసు కనబడేట్టు బండి ఆపుకుని రాత్రుళ్లు పడుకునేవాళ్లం. రాత్రంతా ఉప్పు గాలి. పొద్దున్న అద్దాల మీద వేలు పెట్టి రాసి నాలుకకు తగిలిస్తే ఉప్పగా ఉండేది. అద్దాలు తుడిచేవాళ్లం. నేల కింద ఫ్యూజు గూడును ఎవరు తుడుస్తారు?

తరవాతి పని చెప్పుకోవడానికి పెద్దగా లేదు. ఒకటిన్నర తీసేసి ఆరు చదరపు మిల్లీమీటర్ల మెత్తని తీగ రెండు వైపులా వేశాను. నిరోధం నాలుగో వంతుకు దిగింది. ఫ్యూజు గూడు కొత్తది, మూత బిగుతుగా ఉన్నది, నేల కింద కాకుండా బండి లోపల, బ్యాటరీ పక్కనే. ఫ్యూజు బ్యాటరీకి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. మధ్యలో తీగ ఎక్కడ రాసుకుపోయినా అది కాపాడుతుంది. కొసలకు రాగి లగ్గులు నొక్కించి, పెట్రోలియం జెల్లీ పూశాను. మంచం కింద బొంతలకూ హీటరుకూ మధ్య ఒక చెక్క అడ్డం పెట్టించాను. 24 వోల్టుల మోటారును తిరిగి తీసుకోమని అమ్మిన వాళ్లకు మూడు ఉత్తరాలు రాశాను. సమాధానం రాలేదు. అది ఇప్పుడు వైండింగ్ మేస్త్రి కొట్టులో ఉంది. ఏ లారీ అతనికైనా పనికొస్తే ఇవ్వమన్నాను.

ఇవన్నీ అయ్యేసరికి మార్చి వచ్చేసింది. మళ్లీ అర్ధరాత్రి పరీక్ష చేయాలి. పగటి పరీక్షను నేనిక నమ్మను. నాలుగు గంటలు బ్యాటరీని ఖాళీ చేశాను. పన్నెండున్నరకు తలుపులు, కిటికీలు మూసి కూర్చున్నాం. కుంపటి ఒక్కసారి వెలిగితే చాలదు. గది వేడెక్కి, అది ఆగి, చల్లబడి, మళ్లీ తనంతట తాను మొదలవ్వాలి. విజయనగరంలో మార్చి రాత్రి గది చల్లబడటం అంటే దానికదే ఒక తపస్సు. మధ్యలో మీట కట్టేసి బ్యాటరీ తీగ పీకేస్తే త్వరగా అయిపోతుందని మావారు సలహా ఇచ్చారు. అది చేయకూడదు. మంట ఆరాక కూడా ఫ్యాను కొన్ని నిమిషాలు తిరిగి లోపలి వేడిని బయటికి తోలాలి. మధ్యలో కరెంటు తీసేస్తే ఆ వేడి ఎటూ పోలేక ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది.

మొదటిసారి వెలిగింది. చెమటలు కారాయి. ఆగింది. తలుపు తీసి కాసేపు చల్లగాలి కోసం చూశాం, రాలేదు. చివరికి సెన్సరు మీద తడిగుడ్డ వేసి మోసం చేశాను. గ్లోప్లగ్గు కాలడం మొదలైంది. ఇదే గండం.

"పన్నెండు పాయింటు రెండు" అన్నారు మావారు. ఒక చేతిలో మీటరు, ఒక చేతిలో తాటాకు విసనకర్ర.

నా మీటరులో 11.8. ఫ్యాను గొంతు మారలేదు. పంపు టిక్ టిక్ మంది. కింద పొగగొట్టం నుంచి తెల్లటి పొగ ఒక్క ఉండ వచ్చి చెదిరిపోయింది. ఫ్యాను వేగం పెంచుకుని, వేడిగాలిని మా ముఖాల మీదికి తోసింది.

కిటికీ మీద ఎవరో తట్టారు. ఎదురింటి పిన్నిగారు. లైటు వెలుగుతుంటే దొంగలనుకుని కర్ర పట్టుకుని వచ్చారట. తలుపు తీయగానే వేడి ఆవిడ ముఖానికి కొట్టింది. ఒక అడుగు వెనక్కి వేసి, మావారి విసనకర్రనూ, నా మీటరునూ, చెమటతో తడిసిన మా ఇద్దరినీ చూశారు.

"బాగయిందా?" అన్నారు.

"అయింది పిన్నీ."

"అయితే ఆపేయరాదూ" అన్నారు.